నలుగురిలో ఒకడే వీరుడు: కోలారు కొండల్లో సైకిల్ రిలేకు సలహాలు

24 గంటల మౌంటెన్ బైక్ రిలే సంగతి తెలియనివాళ్ళకు ముందు రెండు మాటల్లో చెబుతాను. పది పన్నెండు కిలోమీటర్ల కొండదారి ఒక చుట్టు. జట్టుకు నలుగురు. ఒకరు చుట్టు ముగించి వచ్చి చేతికి కట్టుకున్న పట్టీనో, చిన్న కర్రనో అందిస్తే రెండోవాళ్ళు బయల్దేరతారు. మధ్యాహ్నం పన్నెండుకు మొదలైతే మరునాడు మధ్యాహ్నం పన్నెండు దాకా, రాత్రంతా కూడా, జట్టు తరఫున ఎవరో ఒకరు దారిమీద ఉండాల్సిందే. గడువులోపల ఎక్కువ చుట్లు తిరిగిన జట్టు గెలుస్తుంది. 1992లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా కొండల్లో లేర్డ్ నైట్ అనే ఆయన ‘24 అవర్స్ ఆఫ్ కెనాన్’ పేరుతో ఇలాంటి పందెం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఈ పిచ్చి చాలా దేశాలకు పాకింది.

మా కోలారు జిల్లా దీనికి దేవుడిచ్చిన చోటు. గుండ్రాళ్ళ గుట్టలు, చెరువు కట్టలు, నీలగిరి తోపులు, బండిబాటలు. బెంగళూరు నుంచి కోలారుకు 70 కిలోమీటర్లే. మీరు నలుగురూ ఇక్కడ రిలేకో, రిలే సాధనకో దిగుతున్నారంటే ఈ సలహాలు మీకోసమే. ఒక్క సూత్రం పట్టుకుంటే తక్కినవన్నీ వాటంతట అవే వస్తాయి. మీ పోటీ పక్క డేరా వాళ్ళతో కాదు. మీ డేరాలోనే ఉన్న ఆ ముగ్గురితో.

1. జట్టు కట్టడం

నిలకడగా తొక్కేవాళ్ళను దగ్గరికి రానీయకండి. మొదటి చుట్టు యాభై నిమిషాల్లో, ఆరో చుట్టు యాభై అయిదు నిమిషాల్లో తిరిగేవాడు చూడ్డానికి చప్పగా ఉంటాడు. మొదటి చుట్టు నలభై నిమిషాల్లో తిరిగి, రెండో చుట్టుకు పిక్కలు పట్టేసి, మూడో చుట్టుకు ఫోన్ ఎత్తనివాడు కావాలి. పంక్చర్ వేయడం తెలిసినవాడు అసలొద్దు. వాడుంటే తక్కినవాళ్ళకు చిన్నతనం.

ఆడపిల్లలు ఎందుకురా అని మీలో ఒకరు కచ్చితంగా అంటారు. ఆ మాట పట్టుకుని వేలాడండి. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 1999 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జట్టు రిలే నడుపుతోంది. అక్కడ పెద్దవాళ్ళు, కుర్రాళ్ళు, ఆడవాళ్ళు తలా ఒక చుట్టు తొక్కితేనే దేశానికి పతకం. పాపం, ఆ దేశాలకు మీ స్నేహితుడి సలహా అందలేదు.

2. సాధన

కలిసి సాధన చేస్తే ఒకరి బలం ఒకరికి తెలిసిపోతుంది. అది ప్రమాదం. ఎవరికీ కుదరని వేళ చూసి పెట్టండి.

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఇది చాలా తేలిక. గనులు మూతపడ్డాక మారికుప్పం, ఛాంపియన్, ఊరిగాం, కోరమండల్ స్టేషన్లలో తెల్లారకముందే రైలెక్కి, బెంగళూరులో పని చూసుకుని, రాత్రికి ఇల్లు చేరేవాళ్ళు వేలల్లో ఉన్నారు. మీ జట్టులో అలాంటివాడొకడు ఉంటే సాధన మంగళవారం ఉదయం ఏడింటికి పెట్టండి. వాడు రాలేకపోతే, ‘వానికి ఇంట్రెస్టు లేదప్పా’ అని తక్కిన ఇద్దరితో నెమ్మదిగా అనండి. ఆదివారం ఖాళీయే గదా అని వాడంటే, ఆదివారం మీకు పెళ్ళి ఉంది.

3. దారి

పందెం ముందురోజు దారంతా ఒకసారి మెల్లగా తిరిగి చూసి రమ్మంటారు. ఎందుకు? కోలారు గుట్టలు ఎక్కడికీ పారిపోవు. అంతరగంగ కొండ మీద గుండ్లు ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టు నిలబడి ఉంటాయి. వాటి నడుమ బాట ఎటు మలుగుతుందో నడిరాత్రి తెలుసుకోవడంలో ఉన్న మజా పట్టపగలు ఎక్కడుంది?

నీలగిరి తోపుల్లో మరీ హాయి. భూగర్భజలం తోడేస్తోందన్న ఆందోళనతో కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది గానీ, పాత తోపులు మా జిల్లాలో ఇంకా దండిగానే ఉన్నాయి. రాలిన ఆకు, ఊడిపడిన బెరడు బాటను మెత్తగా కప్పేస్తాయి. కింద వేరుందో గుంతుందో తెలియదు. తెలియనప్పుడే వేగం పెంచాలి.

డిసెంబరు, జనవరి నెలల్లో వస్తే రైతులు రాగి కంకులను తారురోడ్డు మీద పరిచి ఉంటారు. వచ్చేపోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుందని వాళ్ళ లెక్క. మీకు స్వాగతం చెప్పడానికే పరిచారనుకోండి. సరిగ్గా మలుపులో ముందు బ్రేకు నొక్కండి. సైకిల్ ఒకవైపు, మీరు ఒకవైపు, రాగులు నాలుగువైపులా పోతాయి. రైతు కర్ర పట్టుకుని వస్తే ‘ప్రాక్టీసులో ఉండాము అన్నా’ అనండి. ఆయనకు ప్రాక్టీసు అక్కర్లేదని కాసేపట్లో తెలుస్తుంది.

బంగారుపేట తాలూకాలో కామసముద్రం వైపు అడవి అంచు దారి ఎంచుకుంటే ఇంకో సౌకర్యం. అటు ఏనుగుల గుంపులు పొలాల మీదికి వచ్చిపోతుంటాయి. ఏ దిక్కున ఉన్నాయో అటవీశాఖ వాళ్ళకు, ఊరివాళ్ళకు తెలుస్తుంది. అడగొద్దు. అనుమతి అంతకన్నా వద్దు. రాత్రి మీ లైటు వెలుగులో పెద్ద గుండు కనిపించి, అది చెవులు ఊపితే అప్పుడు ఆలోచించవచ్చు. మీ జట్టు మొత్తంలో అతివేగంగా తిరిగిన చుట్టు అదే అవుతుంది.

4. టైర్లు, పనిముట్లు

పల్లేరుగాయ, సీమతుమ్మ ముల్లు: ఈ రెండూ వానతో పనిలేకుండా పండే పంటలు. ట్యూబ్‌లెస్ టైరులో సీలెంట్ పోసుకుంటే చిన్న చిల్లులు వాటంతటవే పూడుకుంటాయట. అది చాలదన్నట్టు ఒక ట్యూబు, ప్లగ్గులు, చెయిన్ లింకు, పంపు వెంట పెట్టుకోవాలట. ఇంత సామాను మోసేవాడికి పతకం మోసే ఓపిక ఎక్కడ మిగులుతుంది?

గాలి సంగతి. రాళ్ళదారిలో ట్యూబ్‌లెస్ టైరుకు మనిషి బరువును బట్టి 20 నుంచి 30 పీఎస్‌ఐ చాలంటారు తెలిసినవాళ్ళు. టైరు రాయిని కరుచుకుంటుంది, చేతులు అదరవు అంటారు. మీరు పంక్చర్ అంగడికి తీసుకుపోయి, ‘ఇంకా కొట్టన్నా, ఇంకా’ అంటూ బొటనవేలికి లొంగనంత గట్టిగా కొట్టించండి. మొదటి బండ మీద సైకిల్ మిమ్మల్ని ఎగరేసినప్పుడు అంగడతను మోసం చేయలేదని రుజువవుతుంది.

నలుగురి సైకిళ్ళూ నాలుగు రకాలుగా ఉండేట్టు చూసుకోండి. ఒకరి చక్రం 26 అంగుళాలు, ఒకరిది 27.5, ఒకరిది 29. ఒకరి బ్రేకు ఆయిల్‌ది, ఒకరిది వైరుది. అప్పుడు ఒకరి విడిభాగం ఇంకొకరికి పనికిరాదు. ఆస్తి తగాదాలకు తావుండదు.

5. సైనైడ్ దిబ్బలు

కేజీఎఫ్ దాకా వచ్చి సైనైడ్ దిబ్బల మీద తొక్కకుండా పోతే ఊళ్ళో ముఖం ఎలా చూపిస్తారు? 2018లో ‘కేజీఎఫ్’ సినిమా మొదటి భాగం వచ్చాక బయటివాళ్ళకు అది హీరో నడిచొచ్చిన చోటు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడే దాకా పైకి తెచ్చిన రాయిని పిండిచేసి, బంగారం రాబట్టుకుని, మిగిలిన పొడిని పోస్తూ పోతే పెరిగిన గుట్టలవి. మూడు కోట్ల టన్నులకు పైమాటే. గాలి లేచిన రోజుల్లో ఆ పొడి కార్మికుల లైన్ ఇళ్ళలోకి, వండిన అన్నంలోకి వస్తుంది. గనిలో రాతిపొడి పీల్చి సిలికోసిస్‌తో దగ్గుతూ పోయినవాళ్ళ ఇళ్ళు కూడా అవే. ఇదంతా మీకెందుకు? మీకు కావాల్సింది వెనకాల తెల్లటి గుట్ట, ముందు మీరు.

కాబట్టి ఎవరినీ అడక్కుండా గనుల కంపెనీ బీజీఎంఎల్ స్థలంలోకి దూరండి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఫోటోలో ముఖం కనిపించదు, కట్టుకోవద్దు. వాన నీళ్ళు కోసిన లోతైన చీలికలు పైనుంచి కనబడవు గనుక కెమెరా వైపు చూస్తూ దిగండి. చెయిన్ కిరకిరమంటే అది విజయధ్వని. ‘ఆడికి పోవద్దు సామీ, మేమే పోము’ అని ఊరి మనిషి ఎవరైనా అంటే, పాపం సినిమా చూడలేదేమోనని జాలిపడండి.

6. ఆరంభం

ఇలాంటి పందేల్లో చాలావాటికి లె మాన్ తరహా ఆరంభం ఉంటుంది. ఫ్రాన్స్‌లో 1923 నుంచి నడుస్తున్న 24 గంటల కార్ల పందెం నుంచి వచ్చిన ఆచారం. సైకిళ్ళను ఒకచోట ఉంచి, ఆటగాళ్ళు కొంతదూరం పరిగెత్తుకొచ్చి ఎక్కాలి. ఇరుకు బాట వచ్చేలోపు గుంపు సాగిపోవడానికి ఇదొక ఉపాయం. అందుకని పరుగు బాగా వచ్చినవాళ్ళను ముందు పంపమంటారు.

మీరు చీట్లు వేయండి. మీ పేరు వచ్చేదాకా వేయండి. మొదటి 500 మీటర్లు ప్రాణం పెట్టి తొక్కండి, ఫోటోగ్రాఫర్లంతా అక్కడే ఉంటారు. ఆ తర్వాత 23 గంటలకు పైగా ఎవరూ చూడరు. ఎవరూ చూడని చోట కష్టపడటం తక్కిన ముగ్గురి పని.

7. తిండి, నీళ్ళు

గంటకు 60 గ్రాముల దాకా పిండిపదార్థం, చెమటలో పోయేంత ఉప్పు, గుక్కగుక్కగా నీళ్ళు కావాలంటారు క్రీడల డాక్టర్లు. అరటిపండు, బెల్లం చిక్కీ, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళతో పని జరిగిపోతుందట. మరి మా జిల్లా మర్యాద ఏమైపోవాలి? బయల్దేరడానికి అరగంట ముందు రెండు రాగిముద్దలు, బస్సారు పోసుకుని మింగండి. పొద్దున ముద్ద తింటే పొలంలో సాయంత్రం దాకా ఆకలి కాదని మా పెద్దలు గొప్పగా చెబుతారు. దాని గొప్ప అదే, కడుపులోంచి తొందరగా కదలదు. మీరు కొండ ఎక్కుతుంటే అదీ మీతోపాటు ఎక్కుతుంది. రెండో చుట్టుకు ముందు ముళబాగిలు దోసె తెప్పించుకోండి. నెయ్యి ఎక్కువ వేయించండి.

నీళ్ళు మోయొద్దు. మాది ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేని జిల్లా. పాలారు పేరుకు ఉంది. దానిమీద కట్టిన బేతమంగళం చెరువే కేజీఎఫ్‌కు దాహం తీర్చింది. వెయ్యి అడుగులు దాటి బోరు దింపినా తడి తగలని ఊళ్ళున్నాయి. ఇలాంటి చోట దారిలో ఎక్కడో ఒకచోట నీళ్ళు దొరక్కపోతాయా అన్న నమ్మకంతో ఖాళీ సీసా పెట్టుకుని వెళ్ళాలి. చెరువు నిండుగా కనిపిస్తే దిగి దోసిలి పట్టండి. కె.సి. వ్యాలీ పథకం కింద 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి మా చెరువులు నింపుతున్నారు. ఆ నీళ్ళు భూమిలోకి ఇంకడానికే గానీ మనుషులు తాగడానికి కాదనేవాళ్ళు ఉంటారు. వాళ్ళు ఎటూ రిలేలో లేరు.

అంతరగంగ మెట్ల దగ్గర ఆగితే తిండి సంచి నోరు తెరిచి పెట్టండి. అక్కడి కోతులు తమ వంతు ఎప్పుడూ మరచిపోవు.

8. అప్పగింత

రిలేలో అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు ఇది. ఎందుకంటే మీ చేతిలో ఉన్నది ఇంకొకరి చేతిలోకి పోతుంది.

ఇక్కడ లోకం చెప్పే పద్ధతి వినండి. వచ్చేవాడు దూరం నుంచే కేక వేయాలట. వెళ్ళేవాడు అప్పటికే హెల్మెట్ పెట్టుకుని, గేరు తేలిక చేసుకుని నిలబడి ఉండాలట. పట్టీ చేతులు మారేలోపు దారి సంగతి రెండు ముక్కల్లో చెప్పేయాలట: ‘రెండో వాగు కాడ రాయి కదిలింది, ఎడమ పట్టు.’ అంతా పది సెకన్ల పని. ఇందులో మీ నష్టం చూశారా? మోచేయి కొట్టుకుపోయి మీరు సంపాదించిన రాయి రహస్యాన్ని ఉత్తపుణ్యానికి ఇంకొకడికి చెప్పేయడమా? వాడికీ ఒక మోచేయి ఉంది.

గనిలో పనిచేసిన తాతలను ఈ విషయంలో కదిలించకండి. రాత్రీ పగలూ మూడు షిఫ్టుల్లో నడిచిన గనులవి. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. అట్టడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. పైనున్న బరువుకు రాయి ఉన్నట్టుండి పేలిపోయి మనుషులను పూడ్చేసిన చోటు. అలాంటి చోట పైకెక్కే షిఫ్టు, ఎక్కడ రాయి వదులైందో ఎక్కడ దన్ను సడలిందో దిగే షిఫ్టుకు చెప్పకుండా వస్తే ఏమవుతుందని వాళ్ళు మొదలుపెడతారు. ‘మన వెనక దిగేవాడు మనోడే గదప్పా’ అంటారు. ఇదీ వాళ్ళ ధోరణి. అలా చెప్పుకుంటూ పోయారు గనుకే నూట ఇరవై ఏళ్ళలో ఒక్కొక్కరి పేరూ విడిగా ఎక్కడా వినబడదు. మీకు పేరు కావాలి కదా?

అందుచేత చుట్టు ముగించి రాగానే ముందు వాచీ చూసుకోండి. దాన్ని ఫోటో తీయండి. ‘టైమెంతొచ్చింది చూస్తివా మచ్చా’ అంటూ డేరాలన్నీ తిరగండి. పట్టీ ఇంకా మీ చేతికే ఉందని మెల్లగా గుర్తొస్తుంది. అప్పటికి వెళ్ళాల్సినవాడు టీకి పోయి ఉంటాడు. ఇప్పుడు తప్పు ఎవరిది? వాడిదే.

9. రాత్రి

రాత్రిపూట ఒక్కొక్కరు రెండేసి చుట్లు వరసగా తొక్కితే తక్కినవాళ్ళకు పొడుగాటి విరామం దొరుకుతుందని అనుభవమున్న జట్లు లెక్క వేస్తాయి. గంటకో చుట్టు అనుకుంటే నలుగురి జట్టులో ఒకరికి ఆరు గంటలు. తిని, బట్టలు మార్చుకుని, కాస్త కునుకు తీయడానికి సరిపోతుంది. ఈ పథకానికి వెంటనే ఒప్పుకోండి. ఆ ఆరు గంటలూ మీరు పడుకోండి. మీ రెండు చుట్ల వంతు వచ్చినప్పుడు మొదటి చుట్టు చివర కడుపునొప్పి తెచ్చుకోండి. రాగిముద్ద సాక్ష్యం చెబుతుంది.

నాసిక్ డాక్టర్లు హితేంద్ర మహాజన్, మహేంద్ర మహాజన్ పేర్లు ఎవరైనా ఎత్తితే మాట మార్చండి. ఈ అన్నదమ్ములు 2015లో ‘రేస్ అక్రాస్ అమెరికా’లో దాదాపు 4,800 కిలోమీటర్ల రోడ్డును ఇద్దరే వంతులు వేసుకుని తొమ్మిది రోజుల లోపే తొక్కేశారు. ఆ పందెం పూర్తిచేసిన తొలి భారతీయులు వాళ్ళే. ఎలాగనుకున్నారు? ఒకరు రోడ్డు మీద చెమటోడుస్తుంటే ఇంకొకరు పడుకున్నారు. ఇది ఎండలో తొక్కుతున్న తోడబుట్టినవాడి మీద నమ్మకమట! మీరు మీ జట్టువాడిని అంతగా నమ్మకండి. వాడు వెళ్ళిన ప్రతి చుట్టూ మేలుకుని కూర్చుని, ఎంత ఆలస్యం చేశాడో రాసిపెట్టండి. తర్వాత నిద్రకళ్ళతో కొండ దిగండి.

దక్షిణాఫ్రికాలో కేప్ ఎపిక్ అని ఇంకో పందెం ఉంది. ఇద్దరిద్దరు జట్టుగా రోజుల తరబడి తొక్కాలి. ఇద్దరి మధ్య రెండు నిమిషాలకు మించి ఎడం వస్తే శిక్ష పడుతుంది. రిలేలో ఆ పీడ లేదు. మీవాడు చెయిన్ తెగి గుట్టమీద కూర్చున్నాడని కబురొస్తే, ‘అయ్యో’ అని అటు తిరిగి పడుకోవచ్చు.

లైట్లు హ్యాండిల్ మీద ఒకటి, హెల్మెట్ మీద ఒకటి పెట్టుకోమంటారు. మలుపులో హ్యాండిల్ లైటు ఇంకా నేరుగా చూస్తుంటే, తల తిప్పినవైపు రెండోది దారి చూపుతుందట. మీకు ఒకటి చాలు, అదీ సగం ఛార్జింగ్ ఉన్నది. డేరాలో ప్లగ్గు బోర్డు ఒక్కటే ఉంటుంది గనుక మీ ఛార్జర్ పెట్టడానికి ఎవరిదో ఒకరిది పీకండి. పీకిన సంగతి చెప్పకండి. చెమట నిక్కరు మార్చకుండానే పడుకోండి. తెల్లారి సీటు మీద కూర్చున్నప్పుడు ఆ సలహా ఎవరిచ్చారో గుర్తుచేసుకుందురు గాని.

10. ఫలితాలు

ఫలితాల పట్టిక అతికించేసరికి మీ జట్టు కిందినుంచి రెండోదో మూడోదో అవుతుంది. బెంగ వద్దు. ప్రతి ఒక్కరూ తక్కిన ముగ్గురి తప్పులూ చెప్పాలి. నలుగురి మీద మొత్తం పన్నెండు నేరాలు తేలాలి. తక్కువొస్తే ఎవరో ఒకరు ఎవరినో వెనకేసుకొచ్చారని అర్థం. వాడిని వచ్చే ఏడాది తీసేయండి.

ఇంత చేసినా ఈ ఆటలో ఒక అన్యాయం మిగిలే ఉంటుంది. పట్టికలో జట్టు పేరొక్కటే, చుట్ల లెక్క ఒక్కటే. నలభై నిమిషాల మీ మొదటి చుట్టూ, చెయిన్ తెగినవాడు సైకిల్ మోసుకుంటూ గంటన్నరకు చేరిన చుట్టూ ఒకే కూడికలోకి పోతాయి. దీనికి విరుగుడు సోలో విభాగం. 24 గంటలూ మీరే తొక్కవచ్చు. పట్టీ ఎవరికీ ఇవ్వక్కర్లేదు, రాయి సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. పేరిచ్చే ముందు ఒక్కటి ఆలోచించుకోండి. అక్కడ తప్పు మోపడానికి మనిషి దొరకడు. ఆ కష్టం తట్టుకోలేమనిపిస్తే బింకం పక్కనపెట్టి ఆ ముగ్గురికే మళ్ళీ ఫోన్ చేయండి. ఎత్తుతారు. వాళ్ళకూ తిట్టడానికి మీరు కావాలి.